ఇరవై మూడో అక్షరం

“కళ్ళజోడు మీ నెత్తిమీదే ఉంది అత్తయ్యా.”

“అది దూరానికి చూసేది బాబూ. దగ్గరికి చూసేది వేరే ఉంది. అదే కనపడి చావట్లేదు.”

“పోనీ నేను చదివి వినిపిస్తాను. మీరు కింద ఒక్క సంతకం పెడితే చాలు. రెండే రెండు వాక్యాలు.”

“మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడూ రెండే రెండు మాటలన్నావు. గంటన్నర కూర్చున్నావు.”

కిటికీ కింద పాత బల్ల. దానికి ఇటు అత్తగారు, ముప్ఫై ఏళ్ళు మ్యూజియంలో రాతి శాసనాల మీద తడికాగితం పరిచి అచ్చులు తీసి రిటైరైన మనిషి. అటు అల్లుడు, కంప్యూటర్లో అక్షరాలకి రూపం గీసేవాడు. మధ్యలో ఒక కాగితం, ఒక కలం. ఆ కలం ఆవిడ కంటికి తేలులా కనపడుతోంది.

“ఆ రోజు మీ అమ్మాయిని అడగడానికొచ్చాను. ఇవాళ మీ అమ్మాయి పంపిస్తే వచ్చాను. అయిదింటికల్లా ఈ కాగితం ఫొటో తీసి పంపించకపోతే నన్ను ఇంట్లోకి రానివ్వదు.”

“అది ఊళ్ళో ఉంటే కదా రానివ్వకపోవడానికి. ఎక్కడో ఆ మీటింగులో కూర్చుంది.”

“అక్కణ్ణుంచే తాళం వెయ్యగలదు. మీ పిడుగు సంగతి మీకు తెలీదా?”

“టీ తాగుతావా?”

“ఇందాకే తాగాను. రెండోసారి కూడా తాగాను.”

“అయితే ఆ బ్రష్షులు కాస్త ఎండలోకి జరుపు. ఉద్యోగం మానేసి ఆరేళ్ళయినా వారానికోసారి వాటిని కడక్కపోతే నాకు చేతులు పీకుతాయి. అది సరేగానీ, ఆ సంఘం వాళ్ళకి నాతో ఏం పని? పిడుగు అంత చదువు చదివింది, నువ్వు అంత బాగా గీస్తావు. మీరిద్దరూ చాలరూ?”

“చాలం. సరే, మళ్ళీ మొదట్నించీ చెప్తాను. మన ఫోన్లో ‘అ’ నొక్కితే ‘అ’ ఎందుకొస్తుంది? లోపల దానికో నంబరుంది. ప్రపంచంలో ప్రతి అక్షరానికీ ఓ నంబరు. ఎక్కడి ఫోన్లో నొక్కినా, ఎవరి కంప్యూటర్లో తెరిచినా ఆ నంబరుకి ఆ అక్షరమే. ఆ నంబర్లిచ్చేది ఈ సంఘం. మీరు అచ్చులు తీసిన పాత లిపికి ఇన్నాళ్ళూ నంబర్లు లేవు.”

“రెండు వేల ఏళ్ళ కిందట పోయిన లిపికి ఇప్పుడు ఫోనెందుకు? ఎవరికి చెయ్యాలని?”

“చదివేవాళ్ళుంటారు కదా, మీ అమ్మాయిలాంటి వాళ్ళు. అరమాయిక్ అని ఓ ముసలి లిపి ఉంది చూడండి...”

“నాకు చెప్తున్నావా? మ్యూజియంలో ఆ శాసనాలు చదివే ప్రొఫెసరుగారు ముప్ఫై ఏళ్ళు నా చెవిలో ఊదారు. అరమాయిక్ అమ్మమ్మ. ఆవిడకి ఇల్లంతా కూతుళ్ళూ మనవరాళ్ళూ. మన రాళ్ళమీద ఉన్నది అందులో ఓ మనవరాలు. అమ్మమ్మకీ ఇరవై రెండు అక్షరాలే, దీనికీ ఇరవై రెండే. కుడి నుంచి ఎడమకి నడుస్తాయి.”

“దీనికి ఇరవై మూడు. అదే కదా దీని గొప్ప.”

“ఆఁ, ఇరవై మూడు.”

“ఆ ఇరవై మూడోది మీ చేతి మీదుగా బయటపడింది. ఒకే ఒక్క రాయి మీద, ఒకే ఒక్క చోట ఉంది. ఆ రాయేమో డ్యాము నీళ్ళ కింద ఉంది. మిగిలిందల్లా మీరు తీసిన కాగితపు అచ్చు. అందుకని సంఘం వాళ్ళు మీ అమ్మాయిని అడిగారట, ఆ అచ్చు తీసినావిడ ఉంటే, అది తీసింది తీసినట్టే ఉందని ఓ మాట రాయించి పంపమని. ఇదిగో, వినండి. ‘ఈ అచ్చును నేనే తీశాను. తీసిన నాటి నుంచి ఇందులో ఏ భాగమూ చిరగలేదు, అతకలేదు, మారలేదు.’ అంతే. కింద సంతకం.”

“మంచినీళ్ళు తెస్తా ఉండు.”

“నాకొద్దు అత్తయ్యా. కూర్చోండి.”

“ఇంతకీ అది ఫోన్లో సరిగ్గా ఏమంది? ఏ మాట అంది?”

“‘అమ్మ దగ్గర కూర్చో. తనే చదువుకోవాలి. నువ్వు తొందరపెట్టకు’ అంది.”

“తనే చదువుకోవాలి అందా?”

“రెండుసార్లు అంది. అందుకే కళ్ళజోడు కోసం అరగంట నుంచి ఓపిక పట్టాను. లేకపోతే ఈపాటికి మీ వేలిముద్ర వేయించేసేవాణ్ణి.”

“ఒక్క మాట చెప్పు బాబూ. నంబరు ఇచ్చాక, అబ్బే పొరపాటైంది అంటే తీసేస్తారా?”

“తియ్యరు. అదే దాని అందం. ఇచ్చిన నంబరు ఇచ్చినట్టే. పేరు తప్పు పడినా ఆ తప్పు పేరుతోనే ఉండిపోతుంది. లోకం ఉన్నన్నాళ్ళూ.”

“చిన్న తప్పయితే?”

“చిన్నదైనా.”

“ఎవరన్నా వెళ్ళి బతిమాలుకుంటే?”

“అత్తయ్యా, అదేం కరెంటు బిల్లా?”

“ఇంకా ఇవ్వలేదుగా కానీ?”

“ఇవాళ అయిదు తర్వాత తేలుస్తారు. నేను గీసిన బొమ్మలు కూడా తెరమీద చూపిస్తారు. చూశారా అసలు? ఇదిగో ఇరవై మూడోది. ఆ వంపు చూడండి. మిగతావన్నీ ఎడమకి తిరిగి బుద్ధిగా నడుస్తుంటే, ఇదొక్కటే కుడికి తిరిగింది, ఇంట్లో ఏదో మర్చిపోయి వెనక్కి వెళ్తున్నట్టు. ఇరవై రెండింటికీ కలిపి నాలుగు నెలలు పట్టింది నాకు. దీనొక్కదానికి ఎనిమిది నెలలు.”

“ఏడో అక్షరం ఏది?”

“ఏడోదా? ఇదిగో, ఈ కాగితం మీద.”

“దాన్ని వెనక్కి తిప్పి కిటికీ వెలుగుకి పట్టుకో.”

“పట్టుకున్నాను.”

“ఏం కనపడుతోంది?”

“ఇరవై మూడోది. అందులో వింతేముంది? అది అందరికీ తెలిసిందే. ఉన్న అక్షరాన్ని తిప్పి రాసి కొత్త శబ్దానికి వాడుకున్నారు ఆనాటి వాళ్ళు. ప్రొఫెసరుగారు రాశారు, మీ అమ్మాయి థీసిస్‌లో రెండో అధ్యాయం మొత్తం అదే.”

“తిప్పింది ఆనాటి వాళ్ళు కాదు బాబూ.”

“మరి?”

“నేను.”

“మీరు అంటే?”

“మీరు అంటే ఇంకెవరు? బల్లకి ఇటు కూర్చున్నది నేనొక్కదాన్నేగా. ఇదిగో, కళ్ళజోడు దొరికింది. ఒళ్ళోనే ఉంది.”

“ఇందాకటి నుంచీ ఒళ్ళోనే ఉందా?”

“ఇందాకటి నుంచీ.”

“అత్తయ్యా, ఇప్పుడు మంచినీళ్ళు తెండి.”

“తాగి కుదురుగా విను. అచ్చు తియ్యడం నువ్వు చూశావో లేదో. రాయి కడిగి, తడికాగితం పరిచి, ఈ బ్రష్షుతో పైనుంచి కొడతాం. దబదబా కాదు, పిల్లని జోకొట్టినట్టు. కాగితం అక్షరం గాడిలోకి దిగుతుంది. ఆరాక ఊడదీస్తే పైవైపు అక్షరం పల్లంగా, సరిగ్గా ఉంటుంది. రాయికి అంటిన వైపు ఉబ్బెత్తుగా, తిరగబడి ఉంటుంది.”

“అద్దంలో చూసినట్టు.”

“అంతే. ఆ ఏడాది డ్యాములోకి నీళ్ళు వదులుతున్నారని కబురొచ్చింది. నలభై రాళ్ళు, వారం గడువు. వేళ్ళు నాని బొబ్బలెక్కిపోయాయి నాకు. తీసినవన్నీ తెచ్చి పనిగదిలో తీగల మీద ఆరేశాను. అందులో ఒకదానికి ముక్క ఊడింది.”

“ఎలా ఊడింది?”

“ఊడింది. కాగితం కదా.”

“గాలికా?”

“గాలికే అనుకో. పది గంటలకి ప్రొఫెసరుగారు వచ్చేస్తారు. ఆయన మంచివాడే కానీ, కాగితానికి చిన్న మడత పడితే ఆయన మొహానికి పది మడతలు పడేవి. నాది అప్పుడు రోజువారీ పని. రేపు రానక్కర్లేదంటే అంతే సంగతులు. గబగబా మైదా జిగురు కలిపాను. ముక్క అంచులు నలిగిపోయి ఏది పైవైపో ఏది రాయివైపో తెలీలేదు. నాకా లిపి చదవడం రాదాయె. చూస్తే అక్షరం ఉబ్బెత్తుగా ఉంది. తడికి ఉబ్బింది కాబోలు అనుకున్నాను.”

“ఎక్కడి తడి? అప్పటికి ఆరిపోయిందన్నారుగా.”

“ఏదో తడి. అన్నీ అడక్కు. చెంచా కాడతో ఆ ఉబ్బుని లోపలికి నొక్కేశాను. అంచుల్లో పీచు తడిపి కలిపేశాను, అతుకు దేవుడికి కూడా కనపడకుండా. మిగతా అక్షరాలకంటే అదే బాగా కుదిరింది. అక్కడే కొంప మునిగింది.”

“ఆయన వచ్చి చూశారు.”

“భూతద్దం పెట్టి చూశారు. కుర్చీలో కూలబడ్డారు. మళ్ళీ లేచారు. ‘అమ్మా, దీన్ని తీసింది నువ్వేనా’ అన్నారు. అయిపోయింది నా పని అనుకుని, ‘నేనే సార్’ అన్నాను. నా చెయ్యి పట్టుకుని ఊపేశారు. ‘నీ చేత్తో కొత్త అక్షరం పుట్టిందమ్మా’ అన్నారు. ఒకందుకు చూస్తే ఆయనన్నది అబద్ధం కాదు.”

“అప్పుడే చెప్పేయాల్సింది.”

“చెప్పడానికి ముందు నాకు తెలియాలిగా. పుట్టిందంటే పుట్టిందనే అనుకున్నాను. నెల్లాళ్ళ తర్వాత ఇంకో రాయి అచ్చు ఊడదీస్తుంటే, రాయివైపు ఉబ్బు చూసి చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ ఉబ్బు తడిది కాదు, తిరగేసి అతికించానని అప్పుడు వెలిగింది. అప్పటికి పేపర్లో ఆయన ఫొటో, అక్షరం ఫొటో, మూలన నా చెయ్యి వచ్చేశాయి. కొత్త అక్షరం పట్టిన మనిషని నన్ను పర్మినెంటు కూడా చేసేశారు. ఇక నోరు ఎక్కడ లేస్తుంది?”

“మామయ్యకి తెలుసా?”

“ఆయనకి తెలుసు. ముప్ఫై మూడేళ్ళుగా ఆ అక్షరం పేరెత్తితే చాలు, చెప్పులేసుకుని బయటికి పోతాడు. ఇప్పుడు పోయింది క్షవరానికి అనుకున్నావా?”

“ఆయనకి బట్టతల కదా అని నేనూ అనుకున్నాను. మరి ప్రొఫెసరుగారు పోయి ఆరేళ్ళయింది. అప్పుడైనా...”

“అప్పటికి మీ ఆవిడ దాని మీదే డాక్టరేటు మొదలుపెట్టింది. ఇరవై మూడు కొమ్మలుంటే కాకి వెళ్ళి ఆ పుచ్చు కొమ్మ మీదే వాలింది. చిన్నప్పుడు మ్యూజియం హాల్లో ఆ అచ్చు కిందే కూర్చుని హోంవర్కు చేసుకునేది. స్నేహితుల్ని లాక్కొచ్చి, ‘ఇది మా అమ్మ చేసింది, కదమ్మా’ అనేది. అవును అనేదాన్ని. చూడు, ఎక్కడా అబద్ధం ఆడలేదు నేను.”

“నిజమూ చెప్పలేదు.”

“చెప్పలేదు.”

“నా ఎనిమిది నెలలు అత్తయ్యా.”

“నీ ఎనిమిది నెలలకి నేనేమివ్వగలను? టీ ఇస్తాను.”

“ఇవ్వండి. వద్దు, ఆగండి. నామాట వినండి. రాయి నీళ్ళ కింద ఉంది. ప్రొఫెసరుగారు లేరు. మామయ్య చెప్పడు. ఇక మిగిలింది మనిద్దరం. పెదవి దాటకపోతే పోయేదేం లేదు. పాతికమంది తప్ప ఎవరూ చదవని లిపికి ఒక అక్షరం ఎక్కువైతే ఎవరి సొమ్ము పోయింది? మీ అమ్మాయి ఆరేళ్ళ చదువు నిలబడుతుంది. సంతకం పెట్టేయండి.”

“ఇందాకటిదాకా నేనూ అటే లాగుతున్నాను. తియ్యరు అన్నావు చూడు, అక్కడ నా కాలు ఆగింది. గోడమీది అచ్చయితే రేపెప్పుడో దించేస్తారు. పుస్తకంలో మాటయితే ఇంకో పుస్తకం కొట్టేస్తుంది. ఫోన్లోకి ఎక్కిందంటే ఇక దిగదు. మన మనవలు, వాళ్ళ మనవలు నొక్కినా నా చెంచా కాడే వస్తుంది. పోనీ అదీ ఓర్చుకుంటాను. కానీ ఎవడో ఒకడు ఎప్పుడో ఒకనాడు పట్టుకుంటాడు బాబూ. అప్పుడు బయటికొచ్చేది నా పేరు కాదు. దాన్ని సంఘానికి పంపినవాళ్ళ పేరు. నా బిడ్డ పేరు.”

“ఇప్పుడు చెప్తే మాత్రం దాని పేరు పోదా?”

“ఇప్పుడైతే పోయేది ఒక అక్షరం. కలం ఇటియ్యి. ఆ వాక్యాలు కొట్టేస్తున్నాను.”

“కొట్టేస్తే ఏం మిగులుతుంది?”

“జాగా మిగులుతుంది. కాస్త నెమ్మదిగా రాస్తాను, తిట్టుకోకు. ఇదిగో. చదువు, తప్పులుంటే దిద్దు.”

“‘ఈ అచ్చును నేనే తీశాను. ఏడో అక్షరం ఉన్న ముక్క ఊడితే నేనే తిరగేసి అతికించాను, చెంచాతో నొక్కాను. రాయిది తప్పు లేదు, ప్రొఫెసరుగారిది తప్పు లేదు, మా అమ్మాయికి ఈ సంగతి తెలీదు. ఇరవై రెండే.’ అత్తయ్యా, రెండు వాక్యాలన్నాను. నాలుగు రాశారు.”

“ముప్ఫై మూడేళ్ళది కదా, కాస్త పెరుగుతుంది. ఫొటో తియ్యి.”

“పంపెయ్యనా నిజంగా?”

“పంపి ఆ ఫోను దూరంగా పెట్టు.”

“పంపాను. చూసేసింది అప్పుడే. మీటింగులో ఉందన్న మాటే గానీ ఫోను చేతిలోనే పట్టుకు కూర్చున్నట్టుంది.”

ఫోను మోగింది. అల్లుడు స్పీకరు నొక్కి, బల్ల మధ్యలో పెట్టి, కుర్చీ వెనక్కి లాక్కున్నాడు.

“అమ్మా.”

“చెప్పు పిడుగూ. తిట్టు.”

“కళ్ళజోడు దొరికిందా?”

“దొరికింది.”

“ఎంతసేపటికి?”

“నన్నడుగు, నేను చెప్తాను. నలభై నిమిషాలు. రెండు టీలు, బ్రష్షులకి ఎండ, నాలుగైదు మంచినీళ్ళు.”

“నువ్వు కాసేపు ఊరుకో బాబూ, నన్ను మాట్లాడనీ. పిడుగూ, నీకు కోపం రాలేదా? సంఘం వాళ్ళు ఏమంటారే ఇప్పుడు?”

“సంఘం వాళ్ళు ఏమీ అడగలేదమ్మా. అడిగింది నేను.”

“నువ్వా?”

“నువ్వా? నాతో సంఘం అన్నావు కదా.”

“నీతో నిజం చెప్తే గుమ్మంలోనే కక్కేసేవాడివి. అమ్మా, పది రోజుల కిందట ఆ అచ్చుని ఫ్రేములోంచి తీయించి పెద్ద స్కానర్లో పెట్టించాను. కాగితమంతా నీ బ్రష్షు దెబ్బలే, దుమ్ములో వాన చినుకులు పడ్డట్టు. ఆ ఒక్క అక్షరం చుట్టూ మాత్రం ఒక్క చినుకు లేదు. దాని బదులు రాతి నలుసులున్నాయి. బ్రష్షు దెబ్బ ఎప్పుడూ పైవైపే పడుతుందని నాకు నేర్పింది ఎవరు?”

“నేనే.”

“అదే రోజు రాసేశాను సంఘానికి, ఇరవై మూడోదాన్ని వెనక్కి తీసుకుంటున్నానని. ఇవాళ వాళ్ళు చూసేది ఇరవై రెండే. నా థీసిస్ సంగతి నేనే రేపు లేచి నిలబడి చెప్తాను. తప్పు పట్టింది కూడా నేనే కాబట్టి పరువు సగం దక్కుతుంది.”

“పది రోజుల కిందటా? మరి నువ్వు ఊరికి బయల్దేరే దాకా నేను ఆ వంపు దిద్దుతూనే ఉన్నాను కదా, నా పక్కనే కూర్చుని బాగుంది అన్నావు.”

“బాగుంది కాబట్టి బాగుందన్నాను. నీకు ఇంటికొచ్చాక చెప్తాను, అలగకు.”

“ఉండవయ్యా. మరి అన్నీ తెలిసి ఈ కాగితం ఎందుకు పంపావే?”

“సంతకం పెడతావేమోనని. పెడతావేమోనని పది రోజులుగా అన్నం సయించలేదు నాకు. అక్షరం పోతే ఇంకో అక్షరం చూసుకుంటానమ్మా. నువ్వు ‘అతకలేదు’ అని రాసి నాకే పంపితే ఇంకేం చూసుకోను?”

అత్తగారు ముక్కు ఎగబీల్చి కళ్ళజోడు సర్దుకుంది.

“ఏడుస్తున్నావా?”

“లేదే. దగ్గరికి చూసే కళ్ళజోడుతో దూరం చూస్తున్నాను, అంతే.”

“సరే, ఒక్కటి మాత్రం నాకు మింగుడు పడట్లేదు. ముక్క ఊడింది అని రాశావు. ఊడటమేంటి? నీ చేతి కాగితం ఇన్నేళ్ళలో ఒక్కటి ఊడింది నేనెరగను. ఎవరో చింపారు. ఇంకా ఎవర్ని కాపాడుతున్నావు? నాన్ననా?”

“మీ నాన్నని కాదు.”

“ప్రొఫెసరుగారినా?”

“ఆయన్నెందుకే, పాపం.”

“మరి ఎవరమ్మా ఆ మహానుభావులు? నా ఆరేళ్ళూ, మా ఆయన ఎనిమిది నెలలూ మింగినవాళ్ళ పేరు నాకు తెలియాలి. చెప్పు, రేపు అందరి ముందూ చదువుతాను.”

“చదువుతావా?”

“ఖాయంగా చదువుతాను.”

“అయితే రాసుకో. పదకొండు నెలల పిల్ల. పైన రెండు, కింద రెండు పళ్ళు. పనిగదిలోకి పిల్లల్ని తేకూడదని గోడమీద రాసుంటే, ఇంట్లో చూసేవాళ్ళు లేక బల్ల కింద పడుకోబెట్టుకున్నాను. బకెట్టుతో నీళ్ళు తెచ్చేసరికి పాక్కుంటూ తీగ కిందికి పోయింది. ఆ అక్షరాన్ని నీ నోట్లోంచి తీశానే, పిడుగూ.”